ఆవిరి కనపడకూడదు

మా పెదనాన్న మిల్లులో ఏం పని చేసేవాడని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. ఆయన ఇంజను నడిపేవాడు కాదు, బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు కాదు. ఆవిరి ఇంజనులో సిలిండర్ లోపలికీ బయటికీ ఆగకుండా కదిలే ఉక్కు రాడ్డు ఒకటుంటుంది, మనిషి పిక్కంత లావు. అది కదలాలి. అది కదిలే కంతలోంచి మాత్రం ఆవిరి బయటపడకూడదు. వదులైతే ఆవిరి ఊరుకోదు, బిగుతైతే రాడ్డు ఊరుకోదు. ఆ రెండింటి మధ్యా రాజీ కుదర్చడమే ఆయన ఉద్యోగం.

కంత చుట్టూ లోతైన గూడు ఉంటుంది. దాన్ని గ్లాండు అంటారు. కొవ్వూ గ్రాఫైటూ పట్టించిన నూలు తాడును చుట్లుగా కోసి అందులో కూరుతారు. ప్యాకింగ్ అంటే అదే. ఒక చుట్టు అతుకు మీద ఇంకో చుట్టు అతుకు పడకూడదు. పడితే ఆవిరికి దారి చూపించినట్టే. పైన మూత పెట్టి, రెండు పక్కలా నట్లు సమంగా బిగిస్తారు. ఎంత బిగించాలన్నదే అసలు విద్య. కొత్త తాడు వేసిన రోజు గ్లాండు దగ్గర సన్నగా ఆవిరి చిమ్ముతూనే ఉండాలి. ఆ తడికి తాడు మెత్తబడి, నెమ్మదిగా రాడ్డుకు ఒదుగుతుంది. ఇంజన్ రూములో ఊడ్చేవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. పెదనాన్నకీ తెలుసు. తెలిసీ ఒప్పుకునేవాడు కాదు. వెంట్రుకంత ఆవిరి కనపడితే చాలు, నట్లు తిప్పే పానా అందుకుని ఇంకాస్త బిగించేసేవాడు.

మిల్లులో ఆయన్ని పొడి మేస్త్రి అనేవాళ్లు. "పొడి మేస్త్రి ముందు ఏడవకండ్రోయ్, కళ్లకి కూడా నట్టు బిగించేస్తాడు" అని నవ్వుకునేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. మెచ్చుకుంటున్నారనుకునేవాడు.

ఆ పట్టుదలకు కారణం మా ఇంట్లోనే, కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉండేది. మా నాన్న. పెదనాన్నకు తమ్ముడు. ఒకప్పుడు అదే ఇంజన్ రూములో, నడిచే ఇంజనును కనిపెట్టుకుని ఉండే కాపలా మనిషి. నేనింకా పాకుతున్న రోజుల్లో, పెదనాన్న కొత్తగా తాడు వేసి ఇంటికి వెళ్లిన పూట, ఆ గ్లాండు తన్నింది. మరుగుతున్న ఆవిరి నాన్న ముఖానికి కొట్టింది. కళ్లు పోయాయి. ముఖం మీద చర్మం కరిగి గడ్డకట్టిన మైనంలా మిగిలింది. అందరూ పరుగెత్తుకొచ్చి చూసేసరికి గ్లాండు నట్లు వదులుగా ఉన్నాయి. పెదనాన్న అక్కడే నేల మీద కూలబడి, "నేనే సరిగా బిగించలేదు, నేనే" అని తల బాదుకున్నాడట. ఎవరూ కాదనలేదు. అప్పటినుంచి నాన్ననీ నన్నూ ఆయనే సాకాడు. అమ్మ అంతకు ముందే పోయింది. పెదనాన్నకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఒక గది, ఒక వంటిల్లు, నలుగురం.

నాన్న నోరు మాత్రం కాలలేదు. ఎవరైనా పలకరించకుండా లోపలికొస్తే, "ఎవర్రా అది, ముఖం చూపించకుండా దూరావ్?" అనేవాడు. పక్కింటివాళ్లు ఆయన్ని చూసి చూపు తిప్పుకుంటున్నారని పెద్దమ్మ విసుక్కుంటే, "పోనీలే వదినా, ఈ ముఖం చూసే బాధ వాళ్లది, నాకు లేదుగా" అనేవాడు. ఆయన అలా అన్నప్పుడల్లా పెదనాన్న తింటున్న ముద్ద ఆగిపోయేది. ప్రమాదం మాట నాన్న ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్క మాట దెప్పలేదు. అంత మంచితనం నాకు అప్పుడే అనుమానంగా ఉండేది. ఏ మాటా అనని మనిషి దగ్గర చెప్పని మాట ఏదో ఉంటుంది.

నేనూ అదే మిల్లులో పనికి చేరాక, అక్కడికి కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. నాకంటే కొంచెం పెద్ద, అంతే. నెమ్మదస్తుడు. వచ్చిన కొన్నాళ్లకే గ్లాండు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడట.

"మేస్త్రీ, కొంచెం వదులు చేయండి. రాడ్డు ఏడుస్తోంది."

"ఏడవనివ్వండి సార్. చిమ్మడం లేదుగా."

"చిమ్మాలండీ. చిమ్మకపోతేనే నాకు భయం."

"మీరు కొత్త."

"నేను కొత్తే. ఆవిరి పాతదేగా?"

పెదనాన్న తల ఊపాడు. ఫోర్‌మన్ అటు తిరగ్గానే ఇంకాస్త బిగించాడు. చూసినవాళ్లు నవ్వుకున్నారు.

వానాకాలంలో ఒకరోజు, పొద్దున్నే, నేను పనిచేసే మగ్గాల షెడ్డులో పైన తిరిగే బెల్టులన్నీ ఒక్కసారిగా నెమ్మదించి ఆగిపోయాయి. మగ్గాలు ఆగినా చెవుల్లో మోత ఆగదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ అందరూ బయటికొచ్చారు. నేను ఇంజన్ రూము వైపు పరుగెత్తాను. గుమ్మంలోనే మాడు వాసన కొట్టింది. రాడ్డు మీద ఒకచోట ఉక్కు నీలం రంగుకు తిరిగి ఉంది. నిడివంతా గీతలు, గోరు పెడితే దిగేంత లోతు. ఫోర్‌మన్ మూత విప్పించి, మెలికల కొక్కెంతో లోపలి తాడును లాగిస్తున్నాడు. తాడు రావడం లేదు. బొగ్గు ముక్కలొస్తున్నాయి.

పెదనాన్న గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

ఫోర్‌మన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "మేస్త్రీ, రాడ్డుని లేతు మిషను మీద నునుపు చేయిస్తాను. అది తిరిగొచ్చాక తాడు మీరే వేయండి. మీ చెయ్యి మంచిది, నాకు తెలుసు. కానీ నట్లు వేళ్లతో తిప్పినంత వరకే. పానా ముట్టుకున్నారంటే మిమ్మల్ని బొగ్గు యార్డుకు పంపేస్తా. ఇంక నావల్ల కాదు" అన్నాడు.

బొగ్గు యార్డు అంటే ముసలివాళ్లనూ తాగుబోతులనూ తోసేసే చోటు. పెదనాన్న బాధ అది కాదు. ఇంటికి నడుస్తూ దారిలో నాతో ఒక్క మాటే అన్నాడు: "నేను లేకపోతే ఆ గ్లాండు ముందు ఎవడి ముఖం ఉంటుందో ఏంట్రా." ఆయనకు అది ఉద్యోగం కాదు, తనకు తాను వేసుకున్న శిక్ష. అది కూడా లాగేసుకుంటే ఆయన దగ్గర ఏం మిగులుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఆయన చొక్కా కూడా మార్చకుండా భోజనానికి కూర్చున్నాడు. నాన్న కంచంలో చెయ్యి పెట్టి, తినకుండా ఆగాడు.

"అన్నయ్యా, జేబులో ఏంటది?"

"ఏం లేదు. తిను."

"తాడు మాడిన వాసనొస్తోంది."

పెదనాన్న జేబులోంచి ఒక బొగ్గు ముక్క తీసి నేల మీద పెట్టాడు. ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనకే తెలియాలి. "రాడ్డు పట్టేసింది. బిగింపు ఎక్కువైందంటున్నారు. ఆ కుర్రాడికేం తెలుసు, వదులైతే ఏమవుతుందో."

నాన్న నేల తడిమి ఆ ముక్కను అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ కింద పెట్టాడు. తర్వాత, "ఆ రోజు కూడా ఇదే వాసన" అన్నాడు.

"ఏ రోజు?"

"ఆ రోజే."

"ఆ రోజు వదులుగా ఉంది కదరా. అందరూ చూశారు."

"వదులు చేసింది నేను."

పెద్దమ్మ చేతిలో గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

నాన్న వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్వెళ్లిన కాసేపటికే రాడ్డు మూలగడం మొదలెట్టింది. గ్లాండులోంచి పొగ. ఇంజను ఆపి, ఆవిరి కట్టేసి, అప్పుడు ముట్టుకోవాలి. ఆపితే మిల్లంతా ఆగుతుంది, ఎందుకాపావురా అని నా పీక పట్టుకుంటారు. నడుస్తుండగానే పానా వేశాను. లోపల తాడు బొగ్గయిపోయి ఉంది. నట్టు కదిలిందో లేదో, మొత్తం బయటికి తన్నింది."

"అంటే నేను..."

"నువ్వు వదల్లేదన్నయ్యా. బిగించావు. మరీ బిగించావు."

పెదనాన్న తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఏ తప్పు మళ్లీ జరగకూడదని ఆ చేతులు బిగిస్తూ వచ్చాయో, ఆ తప్పే రోజూ చేస్తూ వచ్చాయి.

"ఇన్నాళ్లూ నోరెక్కడ పెట్టుకున్నావయ్యా?" పెద్దమ్మ గరిటె వదిలేసి అడిగింది. "ఈయన నిద్రలో కూడా పిడికిళ్లు బిగిస్తాడు, తెలుసా నీకు?"

"తెలుసు వదినా. ఒకే గదిలో పడుకుంటాం, వినపడదా?" నాన్న కంచం పక్కకు జరిపాడు. "ఆస్పత్రిలో నాకు తెలివొచ్చేసరికే అన్నయ్య తప్పు నెత్తిన వేసుకున్నాడు. నా కాళ్లు పట్టుకుని, మీ ఇద్దర్నీ నేను చూసుకుంటారా అంటున్నాడు. నాకు కళ్లు లేవు. వీడికి తల్లి లేదు. నన్నేం చెప్పమంటావ్?"

"చెబితే మాత్రం చూసుకునేవాడు కాదా?"

"చూసుకునేవాడేమో. ఏమో అన్న మాట మీద పిల్లాణ్ణి పెంచలేను కదా."

నిజం చెబితే మనసు తేలికపడుతుందని పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. అవి రాసినవాళ్ల ఇళ్లలో గదులు ఎక్కువగా ఉంటాయి కాబోలు. నిజం చెప్పాక ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి తలుపేసుకుని తేలికపడతారు. మాకు ఆ ఒక్క గదే. ఆ బొగ్గు ముక్క చుట్టూ నలుగురం అలాగే కూర్చున్నాం. పెదనాన్న నాన్నను తిట్టలేదు. తన చేతుల్లోనే పెరిగిన నన్ను, ఎప్పుడూ చూడనట్టు ఒకసారి చూశాడు. ఇన్నేళ్లూ నేను తిన్న అన్నం ఆయన మోసిన తప్పు మీద ఉడికిందని నాకు ఆ చూపులో తెలిసింది. తర్వాత లేచి, వీధిలోకి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

రాడ్డు లేతు నుంచి తిరిగొచ్చిన రోజు ఏం జరుగుతుందోనని మగ్గాల మేస్త్రిని బతిమాలి నేనూ వెళ్లాను. పెదనాన్న తాడు కోస్తుంటే అందరూ చుట్టూ చేరారు. అంత చక్కటి పని నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో చుట్టును రాడ్డుకు తొడిగి, చెక్క ముక్కతో మెల్లగా లోపలికి తోసి, అతుకులు ఎడమెడంగా పడేట్టు సర్దాడు. మూత పెట్టాడు. నట్లు వేళ్లతో తిప్పి, వేళ్లు ఆగిన చోట ఆపాడు. పానా తీసుకెళ్లి తనే ఫోర్‌మన్ చేతిలో పెట్టాడు.

ఇంజను కదిలింది. గ్లాండు అంచున తెల్లగా, సన్నగా ఆవిరి మొదలైంది.

"భేష్ మేస్త్రీ. ఇలాగే వదిలేయండి. సాయంత్రానికి అదే సర్దుకుంటుంది."

పెదనాన్న సరేనన్నాడు. వెళ్లి ఆ గ్లాండు ముందు నిలబడ్డాడు, దాని వైపు ముఖం పెట్టి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నూనె పోసేవాడు వచ్చి, "జరుగు పెద్దాయనా" అంటే, నూనె డబ్బా లాక్కుని తనే పోశాడు. కాపలా మనిషిని దగ్గరికి రానివ్వలేదు. మధ్యాహ్నం గంట కొట్టినా కదల్లేదు. చొక్కా ముందు భాగం తడిసి ఒంటికి అంటుకుపోయింది.

ఫోర్‌మన్ దగ్గరికెళ్లి మెల్లగా అన్నాడు. "మేస్త్రీ, అది తన్నదు."

"తన్నదని నాకూ తెలుసు సార్."

"మరి?"

"తెలిస్తే సరిపోతుందా? కాళ్లు జరగాలిగా."

సాయంత్రానికి ఆవిరి దానంతటదే తగ్గింది. రాడ్డు నున్నగా, చప్పుడు లేకుండా ఆడుతోంది. తన జీవితంలో ఆయన వేసిన వాటన్నిట్లోకీ మంచి ప్యాకింగ్ అదే. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. మర్నాడు వచ్చి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. ఆ మర్నాడూ అంతే. ఇంజను ముందు అడ్డంగా మనిషి ఉంటే పని సాగదు. ఫోర్‌మన్ రెండు రోజులు ఓపిక పట్టాడు, బతిమాలాడు. చివరికి ఆయన భుజం మీద చెయ్యి వేసి, యార్డు వరకూ నడిపించి, పార చేతికిచ్చి వచ్చాడు. ఆ వారంలోనే గ్లాండు పని వేరే అతనికి అప్పగించారు. కొంతకాలానికి తాడు కూడా పోయి, ఇనుప చుట్ల ప్యాకింగ్ వచ్చింది. దానికి మనిషితో పెద్దగా అవసరం లేదు.

పెదనాన్న యార్డులో బొగ్గు తోడుతూనే ఉన్నాడు. మమ్మల్ని బయటికి పొమ్మనలేదు. ఎప్పట్లాగే నాన్న కంచంలోకి ముందు వడ్డించమనేవాడు. కాకపోతే నాన్నతో మాట్లాడాలంటే పెద్దమ్మకు చెప్పేవాడు. నాన్న పరాచికాలు ఆగిపోయాయి. ఎవరైనా చప్పుడు చేయకుండా లోపలికొచ్చినా ఊరుకునేవాడు.

నాన్నకు గడ్డం గీసేది ఎప్పుడూ పెదనాన్నే. ఆ మచ్చల మధ్య కత్తి నడపడం ఇంకెవరికీ చేతకాదు. యార్డుకు మారాక వచ్చిన మొదటి సెలవు రోజున నాన్న మెడకు తువ్వాలు చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు. వంటింట్లోంచి పెదనాన్న నన్ను పిలిచి, కత్తీ సబ్బూ నా చేతికిచ్చాడు.

నేను రెండుచోట్ల కోశాను. నాన్న అమ్మా అనలేదు. సబ్బు నురగలో రక్తం కలిసి తువ్వాలు మీద కారుతోంది. ఎక్కడ ఎటు గీయాలో తెలియక చెయ్యి ఆపాను.

"దవడ కింద చర్మం లాగి పట్టుకోవాల్రా," వంటింట్లోంచి పెదనాన్న గొంతు వినపడింది. "కింది నుంచి పైకి. వత్తకు."

నాన్న తల అటు తిప్పాడు. పెదనాన్న ఇవతలికి రాలేదు. నేను చర్మం లాగి పట్టుకున్నాను.