వాలిన చేనిదే వంతు

అరవైల చివర్లో నేను వృక్షశాస్త్రంలో బీయస్సీ ప్యాసై, ఉద్యోగం రాక ఇంటికి చేరిన ఏడు, వానలు కూడా రాలేదు. రెండిటికీ సంబంధం లేదని మా అమ్మ తప్ప అందరూ ఒప్పుకున్నారు.

రాజాం అవతల, మా ఊరి మెట్ట మీద, మా చోడి చేనూ మావ చోడి చేనూ పక్కపక్కనే. చోళ్ళంటే రాగులు. మావ అంటే అమ్మకు అన్న. మధ్యలో ఒకే నుయ్యి, దాని మీద తోడుకోవడానికి ఒకే ఏతాం. నీళ్ళు ఓ రోజు వాళ్ళకి, ఓ రోజు మాకు. కరువులో మాత్రం ఈ పద్ధతి మారిపోతుంది. ఎవరి చేను వాలితే నీళ్ళు వాళ్ళవే. నిలబడ్డ చేనువాడు తన వంతు వదులుకోవాలి. అడిగించుకోవడం మర్యాద కాదు. ఆ ఏడు నూతిలో నీళ్ళు ఒక చేనుకే చాలేలా ఉన్నాయి. ఆ చోళ్ళే మా ఇంటికి ఏడాది అంబలి, మావ ఇంటికీ అంతే.

మా చేను ముందు వాలింది. మావ అడిగించుకోకుండా తన వంతు వదిలేశాడు. నాన్న ఏతాం తొక్కాడు, నేను బాన ముంచి వంపాను. చేను పొద్దున్నే లేచేది, ఎండెక్కేసరికి మళ్ళీ పడుకునేది. నా దినచర్యా ఇంచుమించు అదే కాబట్టి మొదట్లో నాకు అనుమానం రాలేదు.

కొన్నాళ్ళు చూసి నాన్న అడిగాడు. "ఏట్రా, ఎన్ని పోసినా నెగవదేటి?"

"నీళ్ళు చాలక వాలింది నాన్నా," అన్నాను. పుస్తకంలో ఉన్నది అదే.

"ఆ సంగతి మా దున్నపోతుకీ తెలుసు," అన్నాడు మావ గట్టు మీంచి. "దానికి పట్టా ఇవ్వనేదు, అంతే."

పౌరుషానికి పోయి గునపం పట్టాను. మా మొక్క కింద మట్టి ముద్దకట్టేంత తడి. మావ చేలో తవ్వితే పొడి, గుప్పిట్లోంచి జారిపోయింది. అంటే తడిలో ఉన్నది దప్పికతో చస్తోంది, పొడిలో ఉన్నది నిలబడి ఉంది. చేలు తారుమారు చేశానేమోనని మళ్ళీ తవ్వాను. చెయ్యలేదు.

మా మొక్కనొకదాన్ని పీకాను. నిజానికి పీకలేదు, పట్టుకుంటే వచ్చేసింది. కాండం మొదలు దగ్గర తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి ఉండలు, వేరు నల్లబడి మెత్తగా ఉంది. మావ మొక్కను లాగితే ఆకులే తెగి చేతికొచ్చాయి.

"వేరు కుళ్ళింది. తాగడానికి దీనికి నోరు లేదు. మనం పోసిందంతా మట్టిలోనే ఉండిపోయింది," అన్నాను. చెప్తున్నంతసేపూ బాగానే ఉంది. చెప్పాక, మరి పొద్దున్నే ఎలా లేచేదో నాకే అర్థం కాలేదు.

నాన్న పార తీసుకుని కాలవ మావ చేలోకి తిప్పాడు. మావ వచ్చి మళ్ళీ మా చేలోకి తిప్పాడు.

"ఏటి బావా ఇది! వాలినోడి నోటికాడ నీళ్ళు నాను లాక్కుంటానేటి? ఊరోళ్ళు ఏటంతారు?"

"దానికి నోరే నేదంతన్నాడు గదా నీ మేనల్లుడు!"

"ఆడి మాట నమ్మి సేను సంపుకుంతావా?"

ఆ ప్రశ్న నాకూ సబబుగానే తోచింది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను నూతి వైపు చూశాను. ఈలోగా గట్టు తెగి, నీళ్ళు ఎవరి చేలోకీ పోకుండా బండిదారిన పోతున్నాయి.

నాన్న పార పడేసి మా చేలోకి దిగాడు. ఓ చివర నుంచి మొక్కలు తీయడం మొదలుపెట్టాడు. బలమేమీ పెట్టలేదు. నేలను గట్టిగా పట్టుకున్న వాటిని మాత్రం వదిలేశాడు, అవి అక్కడక్కడే. మధ్యాహ్నానికి చేను బోసిపోయింది.

"ఇప్పుడు సూడు బావా. వాలిన సేనేదీ?"

మావ వంగి పార తీసుకున్నాడు. కాలవ తన వైపు తిప్పుకున్నాడు. ముఖం మాత్రం దొంగతనానికి వచ్చినవాడిలా పెట్టుకున్నాడు.

ఆ ఏడు మేం తాగిన అంబలి మావ చేనిదే. పుట్టింటి చోళ్ళ రుచే వేరంది అమ్మ. మా చేలో వదిలేసిన ఆ కాసిని మొక్కలు, ఎవరూ చుక్క నీరు పోయకపోయినా, దిట్టంగా కంకులు వేశాయి.

"ఇయ్యెలా పండాయిరా?" అని అడిగాడు నాన్న.

పక్కవి తాగలేక వదిలిన నీళ్ళు తాగి ఉంటాయని చెప్దామనుకున్నాను. కానీ రూఢిగా తెలియదు. పైగా నా మాట మీద ఆయన ఈసారి ఏది పీకుతాడో అదీ తెలియదు. "ఇంకా ఆలోచిస్తున్నాను నాన్నా," అన్నాను.