తునికాకులతో లెక్కపెట్టిన బండ్లు

ఈ సాయంత్రం మా ఆయన పాపను బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, కామారెడ్డి నాలుగు వరుసల రోడ్డు మీద ఎదురుగా లారీలు వస్తుండగా రాంగ్ రూట్లో ఇంటికి వచ్చాడు. గేటు దగ్గర నిలబడి అంతా చూశాను. కోప్పడితే, "అందరు గిట్లనే వస్తరు. డివైడర్ల సందు మూసినంక గంత దూరం ఎవడు తిరిగొస్తడు?" అన్నాడు. పాపను దింపుకుని లోపలికి వచ్చేశాను. ఆ సందు మూతపడటంలో నా చెయ్యి ఉంది.

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, ఆ సందులోంచి ఏ బండ్లు ఎన్ని దాటుతున్నాయో లెక్క రాసిమ్మని రోడ్డు పని చూసేవాళ్లు మా సార్‌ను అడిగారు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు అట్ట మీద కాగితం పెట్టుకుని, నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీత చొప్పున మనమే గీసుకునేవాళ్లం. మాది ఎల్లారెడ్డి, రోజూ వచ్చిపోయే దూరం కాదు కాబట్టి, సరిగ్గా ఆ సందుకు ఎదురుగా ఇల్లున్న మా చిన్నమ్మ దగ్గర దిగాను. లారీలు, బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు నా గీతలకు అందాయి గానీ మోటారు సైకిళ్లు అందలేదు. పాలక్యాన్లతో ఒకటి, గడ్డిమోపుతో ఒకటి, ముగ్గురు పిల్లలతో ఒకటి, కార్ల పక్కనుంచి, ఆటోల వెనకనుంచి పుట్టలోంచి చీమల్లా వచ్చేవి. అరుగు మీద బీడీలు చుడుతున్న చిన్నమ్మ నా అవస్థ చూసి నవ్వింది.

"గింత సదువు సదివి లెక్క రాదేందే నీకు? మోటరు సైకిళ్లు నాకిడిశిపెట్టు."

ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. ఆ అలవాటుతోనే, చేతులు బీడీ చుడుతుండగా కళ్లతో బండ్లు లెక్కించి, ఇరవై ఐదు కాగానే ఒక తునికాకు పక్కన పెట్టేది.

నాలుగింటికి కట్టలు అప్పగించడానికి కార్ఖానాకు పోతూ, "బడి ఇడిశే యాళ్ల బిడ్డా, బండ్లు మస్తుగొస్తయి. నేనొచ్చేదాంక ఆకులు పెట్టుడు మర్వకు" అని చెప్పింది. నేను మరిచాను. అప్పుడే పెళ్లి కుదిరింది, ఈయనే ఫోన్ చేశాడు, మాటల్లో గంటన్నర గడిచిపోయింది. చివరికి మిట్టమధ్యాహ్నం రోడ్డు ఖాళీగా ఉన్నప్పటి ఆకులు ఎన్నో చూసి, సాయంత్రానికీ అన్నే రాశాను. మోటారు సైకిళ్లు తక్కువే కాబట్టి సందు మూయవచ్చని మా లెక్కలోంచే తేలింది.

ఏడాది తిరక్కుండానే మూశారు. నా కాగితమే కారణమని చెప్పలేను, కాదనీ చెప్పలేను. చిన్నమ్మ భర్త, మా చిన్నబాపు, రోజూ అవతలి పాలకేంద్రానికి మోపెడ్ మీద పోయేవాడు. కిలోమీటరు చుట్టు తిరగలేక ఒక పొద్దున రాంగ్ రూట్లో పోతే కారు తగిలింది. ప్రాణం దక్కింది గానీ, కుడి మోకాలు ఇప్పటికీ వంగదు.

చిన్నమ్మకు నేను రాసిన దొంగలెక్క సంగతి తెలియదు. చుట్టాలందరి ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "మా బిడ్డ రోడ్డు లెక్క రాసిన నాడు బండ్లన్ని నేనే లెక్కవెట్టిన, ఒక్కటి తప్పు పోలే" అని మురిసిపోతుంది.

ఇప్పుడు స్తంభాల మీద కెమెరాలు వచ్చాయి, బండ్లను అవే లెక్కపెడతాయట. సందు ఉన్న చోట గన్నేరు పూస్తోంది. ఆ రోజు పక్కన పెట్టిన ఆకులన్నీ చిన్నమ్మ మర్నాడే బీడీలు చుట్టేసింది. చెప్పేద్దామని ఎన్నిసార్లు స్కూటీ తీశానో. రోడ్డుకు ఇవతల నేను కాపురానికి వచ్చిన ఇల్లు, అవతల ఆమె అరుగు కనిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడైతే నిమిషంలో దాటేదాన్ని. ఇప్పుడు చుట్టు తిరిగి పోయే ఆ కిలోమీటరులోనే, ప్రతిసారీ, నా ధైర్యం అయిపోతుంది.