ముప్ఫై నాలుగేళ్ల ఆలస్యానికి చీటీ

మా బావ షిగెయోషి బుల్లెట్ రైలు నడిపి నడిపి ఈ ఏప్రిల్లో రిటైరయ్యాడు. గాలిని చీల్చుకుంటూ వచ్చే బండిని ప్లాట్‌ఫారం గీత దగ్గర జానెడు తేడా లేకుండా ఆపేవాడు. తనను తాను ఆపుకోవడం మాత్రం రాలేదు.

మా దేశంలో రైలు డ్రైవర్లకి ఒక పద్ధతుంది. దేన్నయినా కళ్లతో చూస్తే చాలదు, దానివైపు వేలు చాపి పైకి చెప్పాలి. "తలుపులు, సరి! టైము, సరి!" బావ ఇంట్లోనూ అంతే. గ్యాసు, సరి. తాళం, సరి. పెళ్లిచూపుల్లో మా అక్క నొబుయే వైపు వేలు చాపి "అమ్మాయి, సరి!" అన్నాడని నేను అందరికీ చెబుతుంటాను. అనలేదులెండి. మనసులో అనుకునే ఉంటాడు.

పెళ్లయిన వారానికే అక్కకి ఒక మాటిచ్చాడు. "ఒకరోజు నీ పక్కన కూర్చుని లైను చివర హకాతా దాకా వస్తాను. నడపను. కిటికీ దగ్గర ఇద్దరం డబ్బా అన్నం తిందాం." ఆ ఒకరోజు ప్రతి ఏడూ వచ్చే ఏడాదికి వాయిదా పడింది. సెలవిస్తే ఇంట్లో పడుకునేవాడు. అక్క కూడా అడగడం మానేసింది.

రిటైరయ్యాక అసలు కథ మొదలైంది. రైలు టైములు డ్రైవర్లకి పదిహేను సెకన్ల లెక్కన ఉంటాయి. అలాంటి పట్టికే ఒకటి గీసి ఫ్రిజ్ మీద అంటించాడు. మిసో సూపు ఏడు గంటల పన్నెండు నిమిషాల పదిహేను సెకన్లకు. ఒక పొద్దున ముప్పావు నిమిషం ఆలస్యమైతే, చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "కారణం?" అని అడిగాడట.

అక్క కారణం చెప్పలేదు. చేతిసంచి పట్టుకుని వాళ్ల ఊరు హమామత్సులో బండెక్కి, మిషిమాలో ఉన్న నా సెలూన్‌కి వచ్చేసింది.

"ఇంక నేను వెళ్లనే. ఇక్కడే తలలు కడిగి బతుకుతాను."

"నువ్వు కడిగితే ఉన్న నలుగురూ పారిపోతారు. అయినా పాపం, సూపు కోసం మొగుణ్ణి వదిలేస్తావా?"

"సూపు కోసమా! ముప్ఫై నాలుగేళ్లుగా నేను ఆయన ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాను. ఒక్కసారైనా ఎక్కించుకున్నాడా?"

నవ్వబోయి ఆగిపోయాను. అక్క కళ్లలో నీళ్లున్నాయి. ఈసారి నిజంగానే వెళ్లదని నాకు భయం వేసింది.

తొమ్మిదో రోజు బావ ఫోన్ చేశాడు. "రేపు పది గంటల పన్నెండు నిమిషాలకు నీ గుమ్మంలో ఉంటాను."

"సెకన్లు చెప్పలేదేం బావా?"

"పదిహేను," అన్నాడు సిగ్గు లేకుండా.

"ఒక్క నిమిషం ఆలస్యమైనా నేను రాను," అని అక్క పక్కనుంచి అరిచింది.

మర్నాడు పదీ పన్నెండైంది. పదీ ఇరవై, పదిన్నర. అక్క గడియారం చూడనట్టు నటిస్తూ అదే తువ్వాలు ఆరుసార్లు మడిచింది. పదీ నలభై రెండుకి తలుపు తెరుచుకుంది. బావ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"బండి టైముకే వచ్చింది," అన్నాడు మెల్లగా. "ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాను. సిగ్నల్, సరి. ఎక్కేవాళ్లు, సరి. తలుపులు, సరి. బయల్దేరు, అన్నాను. బయల్దేరింది."

"నువ్వు?"

"నేను అక్కడే ఉన్నాను."

నేను కుర్చీ పట్టుకుని పడీ పడీ నవ్వాను. తను ఎక్కాల్సిన బండిని ఇతనే వేలు చాపి, జెండా ఊపినట్టు పంపించేశాడు!

"చీటీ అడిగాను," అన్నాడు. బండి ఐదు నిమిషాలు ఆలస్యమైతే స్టేషన్లో ఇస్తారే, ఆఫీసులో చూపించుకుంటామే, ఆ చీటీ. "బండి సరిగ్గానే వెళ్లింది, ఆలస్యం చేసింది మీరు, ఇవ్వం అన్నారు. అందుకని తర్వాతి బండిలో కూర్చుని నేనే రాసుకున్నాను. రాస్తుంటే ఇంకో ఆలస్యం గుర్తొచ్చింది."

రెండు చేతులతో అక్కకి అందించి నడుం వంచి నిలబడ్డాడు. అక్క పైకి చదివింది.

"ఆలస్య ధ్రువపత్రం. ప్రయాణికురాలు, నొబుయే. గమ్యం, హకాతా. ఆలస్యం, ముప్ఫై నాలుగేళ్లు. కారణం, డ్రైవరు. బండిలో ఏ లోపమూ లేదు."

కింద ఎర్ర సిరాతో, సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర కూడా వేశాడు. నాకే ఏడుపొచ్చింది, ఇక అక్క సంగతి చెప్పాలా?

అక్క చీటీ మడిచి చేతిసంచిలో పెట్టుకుని అడిగింది. "హకాతాకి బండి ఎన్నింటికి?"

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

అక్క గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టింది. కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. కావాలనే చేస్తోంది. బావ వాచీ ఉన్న చేతిని వీపు వెనక దాచుకుని గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది కానీ చెయ్యి ముందుకు రాలేదు.

అక్క లేచి నిలబడింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, చెయ్యి నిటారుగా చాపి, అతని గుండెకి వేలు గురిపెట్టి గట్టిగా అంది.

"డ్రైవరు దిగాడు, సరి!"