మీకు పండగ, నాకు మంగళవారం

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదనుకునేవాణ్ణి. ఉద్యోగం చూస్తే బిలాస్‌పూర్ పక్కన సిర్గిట్టిలో ఓ సిమెంటు గోడౌన్‌లో సూపర్‌వైజరు (అంటే లారీలోంచి బస్తాలు దిగుతూంటే తలమీద రుమాలు వేసుకుని నిలబడటం). జీతం సంగతి అడక్కండి. కానీ చేతిలో కొత్తగా ఇంటర్నెట్టున్న ఫోను ఒకటి వచ్చిపడింది. దానికి తోడు మా అమ్మ కూర్చోబెట్టి నేర్పించిన పుణ్యాన తెలుగు చదవడం వచ్చు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మా ఈడువాళ్లలో తెలుగు గడగడా చదివేవాడంటే ఆ గౌరవమే. ఈ రెండింటి బలం చూసుకుని, ఎవరింట్లో ఏ తగువొచ్చినా నేను తీరుస్తానని చొక్కా చేతులు మడిచేవాణ్ణి. అలా మడిచిన చేతులతోనే నా ప్రాణస్నేహితుడి పెళ్లి ఇంచుమించు చెడగొట్టినంత పని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వినవాళ్లెవరూ లేరు.

మా క్వార్టర్ల వరసలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండేవారు. ఒకాయన గూడ్సు బండి డ్రైవరు, ఇంకొకాయన అదే బండికి గార్డు. (రైల్వేవాళ్లు ఆ తరవాత ఈ ఉద్యోగాలకి ఏవో గొప్ప పేర్లు పెట్టారు గానీ మా వీధి ఒప్పుకోలేదు.) నాకు డ్రైవరు మావయ్య, గార్డు బాబాయి. ఇద్దరూ విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే, ఇద్దరూ క్రైస్తవులే. మావయ్య బాప్టిస్టు, బాబాయి కేథలిక్. ఏళ్ల తరబడి ఒకే బండికి ఈ చివరా ఆ చివరా డ్యూటీ చేశారు. మధ్యలో అన్ని బొగ్గు వ్యాగన్లు ఉండబట్టే వాళ్ల స్నేహం నిలిచిందని మా నాన్న అనేవాడు. రిటైరయ్యాక ఆ ఊళ్లోనే లింగియాడీహ్‌లో పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నారు. ఇక మధ్యలో మిగిలింది ఒక్క గోడ. ఆ గోడ మీదుగా మావయ్య కొడుకు, అంటే మా బుజ్జిగాడు, బాబాయి కూతురు చిన్నితో మాటలు కలిపాడు. సంగతి తెలిసి పెద్దవాళ్లు కాస్త గొణిగారు, తరవాత ఒప్పుకున్నారు. అంతవరకూ 'ఏరా' అంటే 'ఏరా' అనుకున్నవాళ్లు 'బావా' అని పిలుచుకోవడం మొదలెట్టారు. జనవరిలో పెళ్లి, దానికి ముందు ప్రధానం, అంటే నిశ్చితార్థం. ఆ ప్రధానం డిసెంబరు ఎనిమిదిన పెట్టుకుందాం, ఆ రోజు మరియమ్మ తల్లి పండగ, అమలోద్భవి పండగ అన్నాడు బాబాయి. ముడి అక్కడ పడింది.

మావయ్య ముందు బైబిలు తియ్యలేదు, గోడ మీది క్యాలెండరు తీశాడు. ఆయనకి తెలిసినంతలో అది యేసుప్రభువు కన్య కడుపులో పడ్డ రోజు. "కన్యకి పుట్టేడని మేమూ నమ్ముతాం బావా, అందులో తగువు నేదు. గానీ ఎనిమిదిన కడుపులో పడినవాడు ఇరవై అయిదుకి ఎలా పుట్టేస్తాడు? రాజధాని ఎక్స్‌ప్రెస్సు కూడా అంత బేగి రాదు" అన్నాడు. బాబాయి ఊహ తెలిసిన దగ్గర్నించీ ఆ రోజు పూజకి వెళ్తూనే ఉన్నాడు గానీ, అది దేని పండగని ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. అమ్మ పండగంటే అమ్మ పండగే, అందులో లెక్కలేటని కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఫాదరుగార్ని అడుగుదామంటే మావయ్య ఒప్పుకోడు, పాస్టరుగార్ని అడుగుదామంటే బాబాయి ఒప్పుకోడు. ఏ పక్షానికీ చెందనివాడు ఒకడు కావాలి. బుజ్జిగాడు నా వైపు చూశాడు. మాది శనివారం శనివారం వెంకన్నకి దీపం పెట్టుకునే ఇల్లు. పైగా నాకు తెలుగు వచ్చు, ఫోనుంది. నేను చొక్కా చేతులు మడిచాను.

మర్నాడు గోడౌన్‌లో బస్తాల మీద కూర్చుని చదివాను. తేలిందేమిటంటే ఇద్దరూ పొరపడ్డారు. అది యేసు కడుపులో పడ్డ రోజు కాదు, మరియమ్మే తన తల్లి కడుపులో పడ్డ రోజు. అక్కడ్నించి తొమ్మిది నెలలు లెక్కపెడితే సెప్టెంబరు ఎనిమిది, మరియమ్మ పుట్టినరోజు పండగ. అది మా కాలనీలో హిందువులకి కూడా తెలుసు. ఆ సాయంత్రమే మావయ్య వరండాలో ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. మావయ్య వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, "అచ్ఛా, ఇదా సంగతి" అని తృప్తిపడ్డాడు. అత్త టీ పట్టుకొచ్చింది. ఆ టీ తాగి లేచి వచ్చేస్తే మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కానీ చదివినదంతా చెప్పకపోతే చదివిన లాభమేమిటి? ఆదాము నుంచి మనుషులందరికీ పుట్టుకతో వచ్చే జన్మపాపం ఆవిడకి మాత్రం అంటలేదనీ, కడుపులో పడ్డ ఆ క్షణం నుంచే దేవుడు దాన్ని అంటనివ్వలేదనీ, ఆ పండగ అందుకేననీ కేథలిక్కుల నమ్మకాన్ని పూసగుచ్చినట్టు వివరించాను. మావయ్య గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. తెలియనంత కాలం వాళ్లిద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. తెలియజెప్పి విడదీసినవాణ్ణి నేను.

అప్పుడు తీశాడు మావయ్య బైబిలు. అందరూ పాపం చేసినవాళ్లేనని రాసి ఉంది, అందరూ అంటే అందరూనే. మరియమ్మ తనంతట తనే దేవుణ్ణి నా రక్షకుడని పాడింది, పాపమే లేకపోతే రక్షకుడితో పనేమిటి, జ్వరం లేనివాడు రైల్వే ఆసుపత్రి లైన్లో ఎందుకు నిలబడతాడు? పైగా ఈ మాట పుస్తకంలో తిన్నగా ఎక్కడా లేదు, ఎన్నో వందల ఏళ్ల తరవాత పోపుగారు తేల్చి చెప్పింది. ఇదీ మావయ్య వాదన. బాబాయి తగ్గలేదు. దేవదూత ఆవిణ్ణి కృపతో నిండినదానా అని పిలిచాడు, నిండిన కుండలో ఇంకోదానికి చోటెక్కడిది? క్వార్టరు మారేటప్పుడు మనమే ముందు సున్నం కొట్టిస్తాం, దేవుడు తన కొడుకుండబోయే చోటు శుభ్రం చేసుకోడా? మా పుస్తకంలో దయ పొందినదనే ఉంది, దయ నాకూ దొరికిందని మావయ్య. నా సంగతా? నేను ఎవరి వరండాలో కూర్చుంటే వాళ్ల మాటే నిజమనిపించేది. మా గోడౌన్ మేనేజరు కేరళ ఆర్థడాక్స్ ఆయన. ఆయన్ని అడిగితే, ఆదాము నుంచి మాకు వచ్చింది చావే గానీ నేరం కాదు, ఆవిడ సర్వపవిత్రురాలని మేమూ అంటాం, కానీ మా లెక్కలో ఆ నేరమే లేనప్పుడు దాన్ని ఆవిడకి ప్రత్యేకంగా తప్పించే పని మాకు పడలేదని హిందీలో తాపీగా చెప్పి, లారీ బిల్లు మీద సంతకం చెయ్యమన్నాడు. మూడో పక్షం కూడా ఉందన్న సంగతి నేను లింగియాడీహ్‌లో ఎవరికీ చెప్పలేదు. (ఆ మాత్రం తెలివి అప్పటికి వచ్చింది.)

ప్రధానం ఇంకో వారం ఉందనగా ఇద్దరూ 'బావా' మానేసి 'మీరు', 'తమరు' అనుకోవడం మొదలెట్టారు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఏరా అని తిట్టుకున్నవాళ్లు సాయంత్రానికి కలుస్తారు, తమరు అని మర్యాద చేసుకున్నవాళ్లు కలవరు. బుజ్జిగాడు గడ్డం గీసుకోవడం మానేశాడు. ఈ పెళ్లి తప్పితే తాను ఇంకో పెళ్లి చేసుకోనని చిన్ని వాళ్లమ్మతో తేల్చి చెప్పేసింది. ఇక లాభం లేదని నా బుర్రకి ఇంకా పదును పెట్టాను. వీళ్లకి వేదాంతం వాళ్ల భాషలో చెప్పాలి, అంటే రైలు భాషలో. నాకో గొప్ప ఉదాహరణ తట్టింది.

వాళ్ల సర్వీసులో జరిగిన సంగతే అది. మా బిలాస్‌పూర్ దగ్గర్లోని కోటా స్టేషను దగ్గర ఓ మధ్యాహ్నం బొగ్గు బండి నడుస్తూంటే మధ్య వ్యాగన్ ఇరుసు వేడెక్కి పొగ లేచింది. వెనక నుంచి బాబాయి చూసి ఎర్రజెండా ఊపాడు, బండి ఆగింది. ఇంకొంచెం దూరం పోయి ఉంటే ఇరుసు విరిగి వ్యాగన్లు ఒకదాని మీదికొకటి ఎక్కేవి. మా వీధిలో ఈ కథ విననివాళ్లు లేరు. (అందరం విన్నది బాబాయి నోటే. మావయ్య ఈ కథ ఎప్పుడూ చెప్పడు, ఎందుకు చెప్పడో నేను ఆలోచించలేదు.) ఆ ఆదివారం రెండు కుటుంబాలూ మావయ్య వరండాలో ఉండగా గొంతు సవరించుకుని, "మావయ్యా, గోతిలో పడ్డవాణ్ణి పైకి లాగితే రక్షించినట్టే. పడకముందే చెయ్యి పట్టుకుని ఆపితే అదీ రక్షించినట్టే. మరియమ్మని దేవుడు రెండో రకంగా రక్షించేడంటారు వీళ్లు, అందుకే ఆవిడకీ రక్షకుడు కావాలి. కోటా దగ్గర నీ బండి పడిపోలేదు. అయినా బాబాయి నిన్ను రక్షించినట్టే కదా?" అన్నాను.

బాబాయి మొహం వెలిగిపోయింది. మావయ్య నెమ్మదిగా, "ఎవరు ఎవర్ని రక్షించేరంతావు?" అని అడిగాడు. వంపు దగ్గర తల తిప్పి చూసినప్పుడే పొగ కనపడిందనీ, జెండా లేచేసరికే తన చెయ్యి బ్రేకు మీద ఉందనీ ఆయన వాదన. ఏ డ్రైవరుకి వెనక్కి చూసే అలవాటుందో తమరే సెలవియ్యాలని బాబాయి. వెనక కూర్చుని కునుకు తీసేవాళ్లకి పొగ ఎలా కనపడిందో తమరూ సెలవియ్యాలని మావయ్య. ఆదామునీ మరియమ్మనీ అక్కడే వదిలేసి ఇద్దరూ కోటా వెళ్లిపోయారు. చివరికి బాబాయి, ప్రధానమూ వద్దు ఏటీ వద్దని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. చిన్ని నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, నీకు దండం పెడతాను. నువ్వింక ఏటీ అర్థం చేసుకోకు" అంది.

అప్పుడొచ్చింది అత్త వంటింట్లోంచి, చేతికి శనగపిండితో. "అన్నయ్యా, ఓపాలి కూకోండి. కోటా నుంచి వొచ్చిన రోజు కాణ్నించి ఈయన అన్నం ముందు ప్రార్థనలో ఏటంతారో తెలుసా? తండ్రీ, ఎనక నుంచి జెండా ఊపిన ఆ చేతిని సల్లగా సూడు, అంతారు. ఒక్క పూట మానలేదు" అంది.

బుజ్జిగాడే ముందు తేరుకుని, ఆ చెయ్యి దేవుడిదనుకున్నానని గొణిగాడు. పాపం, పసితనం నుంచి ఆ ప్రార్థనకి ఆమెన్ చెప్పినవాడు. బాబాయి చెప్పులతోనే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "నాకెందుకు సెప్పలేదురా?" అన్నాడు. అన్ని రోజుల తరవాత ఆ 'రా' వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మావయ్య గోడకేసి చూస్తూ, "దేవుడికి సెప్పేను కదరా. సాలదేటి?" అన్నాడు.

"సాలదు" అన్నాడు బాబాయి కళ్లజోడు తుడుచుకుంటూ. "అందుకే దేవుడికీ మనకీ మజ్జిలో ఓ మనిషుండాలంతాం మేము."

ముందు నవ్వింది మావయ్యే. నవ్వి, నువ్వు నన్ను కాపాడేవని ఒప్పుకున్నాను గానీ మరియమ్మ సంగతి మాత్రం ఒప్పుకోలేదు సుమా అన్నాడు. నువ్వు ఒప్పుకోపోతే ఆవిడకేటి లోటని బాబాయి. మావయ్య మళ్లీ క్యాలెండరు దించి, ఎనిమిది ఏ వారమో చూశాడు. "మంగళవారం. అయితే మీకు పండగ, నాకు మంగళవారం. మంగళవారం నాకు వేరే పని నేదు, వొస్తాను" అన్నాడు. వచ్చాడు కూడా, ఇస్త్రీ పంచెతో. ఉదయం బాబాయి పూజకి వెళ్లొచ్చాడు, సాయంత్రం ఫాదరుగారూ పాస్టరుగారూ పక్కపక్కన కూర్చుని గారెలు తిన్నారు. వడ్డన నాకు అప్పగించారు. మాట్లాడే తీరిక ఉండకూడదని బుజ్జిగాడే ఆ ఏర్పాటు చేశాడట.

పెళ్లీ అయింది, ఆ తరవాత బుజ్జిగాడికీ చిన్నికీ కొడుకు పుట్టాడు. జన్మపాపం పోవడానికి పసివాడికి వెంటనే జ్ఞానస్నానం ఇప్పించాలని బాబాయి, వాడే పెరిగి నమ్మి నీళ్లలోకి దిగాలి గానీ ఉయ్యాల్లో పిల్లాడికి ఏం తెలుసని మావయ్య. ఇద్దరూ నాకు ఫోను చేశారు. లారీ వచ్చిందని చెప్పాను. (రాలేదు.) ఆ కుర్రవాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. జ్ఞానస్నానం అయిందో లేదో నేనింతవరకూ అడగలేదు.

ఇప్పుడు నా ఫోను అప్పటిదాని కంటే చాలా మంచిది. అయినా ఎవరైనా తగువు చెప్పుకుంటే ముందు టీ తాగుతాను, ఆ తరవాత కూడా టీయే తాగుతాను. మహామహులు వందల ఏళ్లు వాదించుకున్న సంగతిని సిమెంటు బస్తా మీద కూర్చుని ఒక్క పూటలో తేల్చేద్దామనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది, కాస్త అసూయ కూడా. మొన్న లింగియాడీహ్ వెళ్తే ఇద్దరూ సాయంత్రం నడకకి బయల్దేరారు. రోడ్డు వెడల్పుగానే ఉంది, అయినా అలవాటు కొద్దీ మావయ్య ముందు, బాబాయి బాగా వెనక. వంపు దగ్గర మావయ్య తల తిప్పి వెనక్కి చూశాడు. బాబాయి అప్పుడు వంగి చెప్పు సరిచేసుకుంటున్నాడు, గమనించలేదు. తరవాతి వంపులోనూ మావయ్య అలాగే చూశాడు. ఆ సంగతి బాబాయితో చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకుని ఇంటికి వచ్చేశాను.