ఆఖరు ముందే చెప్పే గంగులప్ప

గంగులప్ప నోట్లో నువ్వుగింజ నానదు. అయితే ఆయన బయటపెట్టేవి జనాల గుట్లు కాదు, నవలల ఆఖరు పేజీలు.

ఉండేది పుంగనూరు, బాడుగ పుస్తకాల అంగడి మదనపల్లె బస్టాండు వెనక సందులో. పుస్తకం చేతికిచ్చేలోపే కథ తేల్చేస్తాడు. "తీసుకుపో తల్లీ. నూటనలభయ్యో పేజీలో ఆ పిల్లోడు అలిగి పోతాడు. భయపడొద్దు, ఆఖర్న వచ్చి తాళి కడతాడు." ఇంక చదివేదానికి ఏముండాది, బూడిదా అని జనం సణుక్కుంటారు. కొత్త నవలలు ముందు దొరికేది ఆడే కాబట్టి మళ్ళీ వారం తిరక్కుండానే వస్తారు.

టమోటా మండీ గుమాస్తా వెంకటముని ఒకసారి చెవుల్లో దూది కుక్కుకుని వచ్చినాడు. గంగులప్ప కథ గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. వెంకటముని ఇంటికి పోయి పుస్తకం తెరిస్తే లోపల చీటీ: 'ఆ యమ్మ జబ్బు నయమవుతుంది. నిమ్మళంగా చదవండి.' సినిమా టాకీసు క్యూలో నిలబడినా గంగులప్పకు ఇదే పని. టాకీసు మేనేజరు దండం పెట్టి, క్యూతో పనిలేకుండా ఆయన్ను ముందే లోపలికి తోసేసేవాడు.

మనోజ్‌ది కుప్పం. తొంభై ఎనిమిదిలో పట్టు పరిశ్రమ ఆఫీసులో ఉద్యోగమొచ్చి మదనపల్లెలో రూము తీసుకున్నాడు. శనివారం ఊరికి పోతూ వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మకు రెండు ప్రేమ నవలలు పట్టుకుపోవాల. ఆమెకంటే ముందు బస్సులో తనే చదివేస్తాడు, అది వేరే సంగతి. అమ్మకు నువ్వు చెప్తావో లేదో అని గంగులప్ప ఆ పుస్తకాల్లో గూడా చీటీ పెట్టేవాడు. మనోజ్ దాన్ని తీసి కిటికీలోంచి పారేసేవాడు. అట్ట కింద ఇంకొక చీటీ ఉంటుందని వాడికేం తెలుసు.

మూడు వారాలు కోపంతో పండ్లు కొరికినాడు. నాలుగో వారం, అంగట్లో కూర్చుని పుస్తకాలకు అట్టలు వేస్తాండే హరిత కనబడింది. గంగులప్ప కూతురు. ఆ పొద్దు నుంచి ఆఖరు తెలిసినా మనోజ్‌కు కోపం రాలేదు. వారానికి రెండు పుస్తకాలు కాస్తా ఆరైనాయి. ఇన్ని బుక్కులు ఎప్పుడు చదివేదిరా అని వాళ్ళమ్మ మొత్తుకునింది.

ఒక దినం ఉండబట్టలేక హరితనే అడిగినాడు, మీ నాయన ఇట్ల చెప్పేస్తే మీకు విసుగు రాదా అని.

"నాకు అట్లయితేనే చదవబుద్ధవుతాది" అనింది హరిత, అట్ట మడత పెట్టుకుంటా.

తండ్రిని వెనకేసుకొస్తాండాదని నవ్వుకున్నాడు మనోజ్. ఆర్నెల్లకు, చేసుకుంటే ఈ పిల్లనే అని ఇంట్లో చెప్పేసినాడు. భయమంతా అమ్మతోనే. అంతకుముందు నాలుగు సంబంధాలు తిప్పి పంపించింది. అందులో ఒకటి కాఫీలో చక్కెర తక్కువైందని.

పుంగనూరులో పెండ్లిచూపులు. గంగులప్ప భార్య సుభద్రమ్మ, ఈ ఒక్క పూట ఏమీ చెప్పొద్దని మొగుడి నోటినిండా వక్కాకు కుక్కి కూర్చోబెట్టింది. ఆయన పావుగంట ఓర్చుకున్నాడు. తర్వాత వాకిట్లోకి పోయి ఊసి, నోరు కడుక్కొని వచ్చినాడు.

"అమ్మా, ముందే ఆఖరు చెప్పేస్తా. మా పాప నాలుగేండ్లుగా మనసుకు మాత్రలు మింగతాంది. కాలేజీలో ఉండంగా గడప దాటాలంటే గుండె దడ, చేతులు వణుకు. ఏమవుతాదో, ఏమవుతాదో అని ఒకటే భయం. బెంగుళూరు డాక్టరుకు చూపిస్తాండాము. ఇప్పుడు బాగుండాది. మాత్రలు ఇంకా ఉండాయి."

వంటింట్లో గరిట కిందపడిన చప్పుడు. మనోజ్ వాళ్ళమ్మ మొహం చూసినాడు. ఆమె గంగులప్పనే చూస్తాండాది.

"చీటీలు పెట్టేది నువ్వేనా అన్నా?"

"నేనేనమ్మా. ఆ దినాల్లో పాప నాలుగు పేజీలు చదివి, భయపడి మూసేసేది. ఆఖరు చెప్తే పూర్తిగా చదివింది. మన అంగడికి వచ్చేవాళ్ళలో ఎవరి గుండె ఎట్ల ఉండాదో మనకేం తెలుసు? అందుకే అందరికీ చెప్తా."

మనోజ్‌కు పారేసిన చీటీలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

అన్నపూర్ణమ్మ కొంగు సర్దుకుంది. "మా ఆయన పోయినప్పటి నుంచి నాకూ దడేనన్నా. అట్ట కింద నీ చీటీ చూసుకున్నాకనే మొదటి పేజీ తిప్పుతా. మావాడు కంగారు పడతాడని చెప్పలేదు." కొంగు వదిలి అడిగింది: "సరే, ఈ సంబంధం ఆఖరు గూడా చెప్పు."

గంగులప్ప నోరు తెరిచినాడు. వంటింటి వైపు తిరిగి కూతుర్ని చూసినాడు, పెండ్లాన్ని చూసినాడు. "ఇది మటుకు నాకు తెలీదమ్మా" అన్నాడు, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి.

కాఫీ గ్లాసులతో వంటింటి గడప దగ్గర నిలబడిన హరిత చేతులు కొంచెం వణుకుతా ఉండాయి.

"తెలీకపోయినా ఏం పరవాలేదులే నాయనా" అనింది.

వచ్చి కాఫీ ఇచ్చింది. అన్నపూర్ణమ్మ ఒక గుక్క తాగింది. సుభద్రమ్మ కంగారులో చక్కెరే వేయలేదు. ఆ సంగతి అన్నపూర్ణమ్మ అందరికీ వినబడేటట్టే చెప్పింది గానీ, గ్లాసు మటుకు ఖాళీ చేసిన తర్వాతనే కింద పెట్టింది.