అడిగిపోయినోళ్ళు వచ్చి చెప్పాల

మా నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయిన పరిశోధకుడు మూడేళ్ళయినా ఆ నీళ్ళలో ఏముందో మాకు చెప్పలేదు. ఆయన్ని మా వీధికి పిలుచుకొచ్చిన మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కుప్పంలో చనిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆయన వల్లే ఆగిందని నేను అనను. చివరిదాకా ఆమె ఆ కబురు కోసమే చూసిందని మాత్రం అంటాను. ఎవరికి నొప్పి కలిగినా సరే.

నేను మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాలు ఏరే పని చేస్తాను. ఇంటర్ తప్పినాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పెద్దమ్మ మెస్సులో నేర్చుకున్నవే. కుప్పంలో ఒక పెంకుటింట్లో ఆమె మెస్సు నడిపింది. తినడానికి వచ్చేవాళ్ళలో సగం మంది పరిశోధన చేసేవాళ్ళు. ఒకాయన ఏనుగుల మీద, ఒకామె పట్టుపురుగుల జబ్బుల మీద, ఇంకొకాయన ఎక్కడో కోట్ల ఆమడల దూరంలో తిరిగే నక్షత్రాల గుంపుల మీద. గైడు ఎర్రసిరాతో కొట్టేసిన కాగితాలు బెంచీ మీదనే వదిలేసి పోయేవాళ్ళు. పెద్దమ్మ పారెయ్యదు. అలమరాలో పరిచి వాటి మీద డబ్బాలు పెట్టేది. నేను సెలవు దొరికినప్పుడల్లా పోయి, డబ్బాలు జరిపి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. పసుపు డబ్బా కింద ఏనుగుల దారి. మిరప్పొడి కింద ఆకాశం. ఏ కాగితానికీ మొదలుండదు, చివరుండదు. కలలో చదివినట్టే ఉండేది. ఇప్పటికీ పరిశోధన అనే మాట వింటే నాకు ఉడుకుతున్న రాగిపిండి వాసన వస్తుంది.

నక్షత్రాలాయన ఒడిశా వైపు నుంచి వచ్చినాడు. తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేవాడు. పొద్దున మంచు ఇంకా వీధిలోంచి లేవకముందే వచ్చి పొయ్యి పక్కన కూర్చునేవాడు. ఒకనాడు పెద్దమ్మ రాగిసంగటి కెలుకుతా, నీ చదువేందో నాకూ చెప్పప్పా అనింది. ఆయన చేతులు గుండ్రంగా తిప్పుతా చెప్పినాడు. లెక్క ప్రకారం నడిమధ్య ఉండే నక్షత్రాలు వడిగా తిరగాల, అంచున ఉండేవి నిదానంగా తిరగాల. చూస్తే అంచున ఉండేవీ అంతే వడిగా తిరుగుతున్నాయంట. ఎందుకో తెలీదంట. పెద్దమ్మ తెడ్డు ఆపలేదు, గిన్నెలోంచి కన్ను తీయలేదు.

“అంబలయితే నడాన తిప్పితే నడానే తిరుగుతాది, అంచున ఉండేది నిలబడిపోతాది. సంగటి అట్ల కాదు, అంతా ఒకటిగా తిరుగుతాది. మీ ఆకాశం పలచగా లేదప్పా. కనపడకుండా ఏందో గట్టిగా ఉండాది.”

ఇద్దరి మధ్యా ఆవిరి పైకి పోతా ఉంది. పెంకుల సందులోంచి ఎండ కడ్డీ మాదిరి దిగింది, దాంట్లో పిండి రేణువులు మెల్లగా తిరుగుతున్నాయి. నేను చేతిలో గ్లాసు పట్టుకుని, ఆ రేణువుల్ని చూస్తా, బస్సు సంగతి కూడా మరిచిపోయినాను. నా బతుకులో యార్డు, తట్టలు, మేస్త్రీ తిట్లు లేని గంట ఏదైనా ఉందంటే అదే.

పెద్దమ్మకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. అందుకని రామకుప్పం వైపో, వి.కోట వైపో పల్లెలకు పోవాలంటే ఆ పరిశోధన చేసేవాళ్ళు ఆమెను వెంట పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె ఒక్కటే షరతు పెట్టేది. ఊళ్ళో వాళ్ళను అడిగి రాసుకుపోయినోళ్ళు, పని అయినాక మళ్ళా వచ్చి ఏం తేలిందో ఆ ఊళ్ళోనే చెప్పాల. ఏనుగులాయన వచ్చి, రామకుప్పం దగ్గర ఒక రాగిచేని గట్టు మీద కూర్చుని రైతులకు కట్టెపుల్లతో దారులు గీసి చూపించినాడు. నక్షత్రాలాయన ఎవర్నీ ఏమీ అడగలేదు గదా, ఆయనెందుకు వచ్చి చెప్పాలని నేను ఎగతాళి చేసినాను. నా సంగటి తిన్యాడు గదా పాపా అనింది.

ఆయన వచ్చినాడు. చదువు ముగించుకుని వాళ్ళ ఊరికి పోయి, ఏడాది తర్వాత మిఠాయి పొట్లంతో మెస్సు గుమ్మంలో నిలబడినాడు. ఆ గట్టిగా ఉండేదేమో ఇంకా తెలీలేదు పెద్దమ్మా, ఎవరికీ తెలీలేదు అని చెప్పినాడు. ఆమె మొహం చూడాల. వారం రోజులు తినడానికొచ్చిన ప్రతివాడికీ అదే చెప్పింది: “తెలీలేదని చెప్పేదానికి రెండు రాత్రులు రైల్లో వచ్చినాడు. ఆయప్పదీ సదువంటే.”

నీళ్ళాయన్ను కూడా అదే నమ్మకంతో మా ఊరికి తెచ్చింది. మాది పుంగనూరు పక్కన చిన్న ఊరు. మా పిల్లల పండ్ల మీద మట్టిరంగు చారలుంటాయి. నలభై దాటినోళ్ళు మోకాళ్ళు పట్టుకుని లేస్తారు. బోరు నీళ్ళ వల్లేనేమో అని అందరికీ అనుమానం. ఆయన బోర్ల నీళ్ళు పట్టినాడు. పిల్లల ఉచ్చ కూడా చిన్న సీసాల్లో కావాలన్నాడు. తెలియని మనిషికి ఎవరిస్తారు? పెద్దమ్మ పిల్లలందర్నీ వరస నిలబెట్టి, ఎవురి సీసా ముందు నిండుతాదో సూద్దాం రాండి అనింది. అప్పుడు నాలుగేళ్ళుండే మా అన్న కూతురు గెలిచి, ఆ సీసా ఊరంతా చూపించింది.

ఆయన దగ్గర ఒక ఫారం ఉండేది. మోకాళ్ళ నొప్పి సున్నా నుంచి పది లోపల ఎంత అని దాంట్లో ప్రశ్న. ఒక అవ్వ, పదికి పది వెయ్యి నాయనా, బడిలో ఎప్పుడూ రాలేదు అనింది. పెద్దమ్మ ఆ ప్రశ్న పక్కన పెట్టి, “బోరు కాడ్నుంచి ఇంటికొచ్చే లోపల బిందె ఎన్ని తావుల దించుతావక్కా?” అని అడిగింది. అంతే, ఆడవాళ్ళంతా తడుముకోకుండా చెప్పినారు. కరెంటు స్తంభం కాడ ఒకసారి, రేషను షాపు అరుగు మీద ఒకసారి, గడప ముందర ఒకసారి. ఫారంలో ఇది లేదని ఆయన ముందు సణిగినాడు. తర్వాత రాసుకున్నాడు. ఆరు నెలల్లో వచ్చి చెప్తానన్నాడు.

రాలేదు. ఫోను ఎత్తలేదు. పెద్దమ్మ మా ఊరికి రావడం మానేసింది. మా అన్నకు కొడుకు పుడితే పేరు పెట్టే రోజు చొక్కాగుడ్డ పంపింది గానీ తాను రాలేదు. ఎందుకు రాలేదని గొడవ పెట్టుకుంటే, “ఏం మొగం పెట్టుకోని వస్తును పాపా? సందు తిరగతానే అడుగుతారు” అనింది. పుట్టిన ఊరు అది ఆమెకు.

పోయిన చలికాలం ఆయన పేరు నా ఫోన్లో వెతికితే దొరికింది. డాక్టరేటు వచ్చేసింది. ఆయన రాసిన పరిశోధన పుస్తకంలో మొదటి పేజీ ఒక్కటే తెరుచుకుంటుంది, మిగతాదానికి తాళం. మా ఊరికి పేరు లేదు, ఏడో ఊరు అంట. బిందె దించిన తావులు లెక్కపెట్టడం తాను కనిపెట్టిన కొత్త పద్ధతని రాసుకున్నాడు. నేను ఉడికిపోతా కుప్పం పోయి పెద్దమ్మకు చదివి వినిపించినాను. ఆమె అంతా విని, నీళ్ళ సంగతి రాసినాడా అని ఒక్కటే అడిగింది. లోపలెక్కడో ఉంటుంది పెద్దమ్మా, తెరుచుకోలేదు అన్నాను. అయితే ఇంకేం సదివినావు అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

ఆమెను తీసుకుపోయే రోజు మా ఊరి ఆడవాళ్ళు టెంపోలో వచ్చినారు. మూడేళ్ళుగా అడుగుతున్న మాట ఆ రోజు ఒక్కరూ అడగలేదు. ఒకరి వెనక ఒకరు వచ్చి, ఆమె పాదాల దగ్గర కాసేపు నిలబడి, పక్కకు జరిగినారు.

ఇప్పుడు నీళ్ళాయనతో. ఇది మీకు చేరుతుంది, చేరేట్టు నేను చూస్తాను. మీ పేరు ఇక్కడ రాయలేదు, అది మా పెద్దమ్మ నేర్పిన మర్యాద. మీ పుస్తకంలో తన పేరు రాయలేదని ఆమె మిమ్మల్ని తప్పుపట్టలేదు, నేను తప్పుపడతాను, అది వేరే సంగతి. నీళ్ళు మళ్ళా పరీక్ష చేయించుకోమంటారేమో, చేయిస్తాం. కానీ మూడేళ్ళ కిందట మా పిల్లల సీసాల్లో ఏం కనపడిందో మీకే తెలుసు. మా ఊరికి రండి. పుంగనూరులో దిగితే ఆటో దొరుకుతుంది. ఏ బోరు తాగొచ్చు, ఏది కూడదు, తెలుగులో చెప్పండి. తేలలేదంటే తేలలేదని చెప్పండి. రాలేకపోతే కాగితం పంపండి, నేను చదివి చెప్తాను.

ఈ పొద్దు బోరు వదిలినప్పుడు మా అన్న కూతురు పైపు కింద దోసిలి పట్టింది. ఎండకు ఆ నీళ్ళు గాజు మాదిరి మెరిసినాయి. తాగమనాలో వద్దనాలో తెలీక నేను నిలబడిపోయినాను. నేను నోరు తెరిచే లోపల తాగేసి, గడ్డం తుడుచుకుని నవ్వింది. ఇది అచ్చయిన రోజు నుంచి పదైదు రోజులు. ఆ లోపల చెప్పండి.