సిట్టెమ్మ సంతకం

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. టెక్కలిలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. పిల్లల భయాలు పోగొట్టడం కూడా నా ఉద్యోగమే అనుకునేదాన్ని. అరవయ్యో దశకం చివర్లో మా అమ్మ విషయంలో జరిగినదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా అమ్మ చిట్టెమ్మకు ఉద్దానంలో చిన్న జీడితోట ఉండేది. నాన్న పోయాక దాన్ని ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. ఒకరోజు కాశీబుగ్గ నుంచి ఓ ఏజెంటు వచ్చాడు. పూరీలో సముద్రానికెదురుగా మేడ కడుతున్నారట, ఏటా రథయాత్రకు వారంపాటు ఓ గది మనదేనట, మన తర్వాత పిల్లలకూ వస్తుందట. జగన్నాథుడి పేరు వినగానే అమ్మ కరిగిపోయింది. చదువు రాదు కదా, వేలిముద్ర వేసేసింది. తోటను హామీగా రాయించుకున్నారని మాకు తర్వాత తెలిసింది.

తీరా రథయాత్రకు వెళ్తే ఆ వారం వేరేవాళ్లదన్నారు. మాకు మెట్ల కింద సామాన్ల గది చూపించారు. అయినా ఏటేటా మేడ ఖర్చులు మేం కట్టాల్సిందేనట, కట్టకపోతే తోట పోతుందట.

ఒప్పందం రద్దు చెయ్యమని అడగడానికి అమ్మా నేనూ కాశీబుగ్గ ఆఫీసుకు వెళ్లాం. రద్దుకు వేలిముద్ర చెల్లదని, ఆవిడే స్వయంగా సంతకం పెట్టాలని మేనేజరు నవ్వుతూ చెప్పాడు. చేర్చుకునేటప్పుడు చెల్లిన వేలు, వదిలిపెట్టేటప్పుడు చెల్లలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరుగు బస్సులో అమ్మ ఒక్కటే అంది.

"ఒలే, నాకు పేరు రాయడం నేర్పు. ఆడి ముందరే ఎడతాను సంతకం."

అరవై దాటిన మనిషి రెండు నెలలు పలక వదల్లేదు. నేను 'చి' రాసిస్తే తను 'సి' రాసేది. తప్పమ్మా అన్నాను.

"నన్నందరూ సిట్టెమ్మనే పిలుత్తారు. నువ్వు రాసింది ఎవరి పేరో నాకేటి తెలుసు?"

ఆ తర్వాత నేను ఆ అక్షరం దిద్దడం మానేశాను. చివర మ ఒత్తును పొడుగ్గా లాగి తోక కూడా పెట్టేది. రాసేది, చెరిపేది. కాగితం మీద ఒక్కసారీ రాయలేదు.

చెయ్యి కుదిరిందనుకున్న వారానికే జ్వరం వచ్చి అమ్మ చనిపోయింది.

పన్నెండో రోజు కర్మ అయిన మర్నాడు, వారసురాలిగా అర్జీ రాసుకుని, మధ్యాహ్నం ఆ ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"మళ్లీ ఏటి టీచరమ్మా? నిన్ననే మీ అమ్మగారొచ్చి సంతకం ఎట్టీసినారు గదా. మేనేజరు గారు కాదనలేక ముద్ర కొట్టీసినారు."

రద్దు కాగితం నా చేతికిచ్చాడు. నిన్నటి తేదీ, ఆఫీసు ముద్ర ఉన్నాయి. పాత ఒప్పందంలో ఏజెంటు రాసిన పేరు చిట్టెమ్మ. ఈ కాగితం కింద ఉన్నది సిట్టెమ్మ. మ ఒత్తుకు తోక ఉంది.

అమ్మ పోయి పదమూడు రోజులైందని చెప్తే అతను కళ్లారా చూశానని ఒట్టేశాడు. ఎవరైనా వచ్చి ఆమె పేరుతో సంతకం పెట్టారేమోనని నేనూ చాలా ఆరా తీశాను. పలక మీద రాసి చెరిపేసిన ఆ తోక నేను తప్ప ఎవరూ చూడలేదు.

తోట మాకు దక్కింది. అదెలా జరిగిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు, ఊహించి చెప్పను కూడా. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తాను, మా అమ్మ రాసిందని. అక్షరాలు నేను నేర్పిన వాటికంటే బాగున్నాయి.